మోకాలి సాక్ష్యం

నా మోకాలు బాగైపోయిందన్న సంగతి నాకు మొదట చెప్పింది కూరగాయల అక్కయమ్మ.

లింగరాజపురంలో మా సందు మొదట్లో ఆమె తోపుడుబండి ఉంటుంది. ఆ సోమవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తూ బీన్సు కోసం ఆగాను. ఆమె తక్కెడ కింద పెట్టి, బండి చుట్టూ తిరిగి వచ్చి, నా కుడికాలిని చీర మీదుగానే పైనుంచి కిందికి చూసింది.

"కాలు గుణమాయెనంట కదమ్మా. మీ యేసప్ప ముట్టి సరిచేసినాడని మీ అత్తే చెప్పింది. నాకూ ఈ నడుము ఉండాది, ఆయప్పకి ఒక మాట చెప్పి పెట్టు."

నేను నవ్వాను. ఆ నవ్వు సందు మలుపు దాకా కూడా నిలవలేదు. బాగైంది అని ఎవరన్నారు? ఎప్పుడు చూశారు? కాలు నా దగ్గరే ఉంది కదా, నన్నెందుకు అడగలేదు? ఇంటి గేటు తీసేసరికి ఆ ప్రశ్నలు వరసలో నిలబడటం మానేసి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

మా అత్తగారు దీవెనమ్మ ముందు గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అడగగానే దాచుకోకుండా చెప్పింది. నిన్న ఆదివారం నాకు డ్యూటీ పడింది. ఆమె చర్చిలో లేచి నా గురించి సాక్ష్యం ఇచ్చింది. డాక్టర్లు కత్తి పెట్టాల్సిందే అన్నారని, తన కోడలు కత్తి వద్దందని, చర్చి స్త్రీల కూటమి ఇంటికి వచ్చి ఉపవాస ప్రార్థన చేసి నూనె రాశాక వాపు దిగిపోయి కుంటు పోయిందని చెప్పింది. విన్నవాళ్ళలో కొందరు ఏడ్చారట. పాస్టరు జోసెఫ్ గారు ఒకటికి రెండుసార్లు స్తోత్రం చెప్పించారట. ఇదంతా ఆమె మొహం వెలిగిపోతూ చెబుతోంది. ఆ వెలుగులో కపటమేమీ లేదు. అందుకే నా కోపానికి పట్టు దొరకలేదు. నేను లేకుండా నా కాలు చర్చికి వెళ్ళి, పేరు తెచ్చుకుని, ఇంటికి తిరిగి వచ్చింది.

బట్టలు మార్చుకుని మంచం కింద వెతికాను. ఇసుక మూట లేదు.

"దాన్ని విప్పి క్రోటన్ కుండీలో పోసినా," అంది వంటింట్లోంచి. "దేవుడు ముట్టినాక ఇంగ ఆ మూట యాలమ్మా? కట్టుకుంటే ఆయన్ని నమ్మనట్టే కదా."

ఆ మూట గురించి చెప్పాలంటే మోకాల్లో లిగమెంటు తెగిన రోజు దగ్గర మొదలుపెట్టాలి.

తొంభై ఎనిమిది వానాకాలం. నేను మగవాళ్ళ సర్జికల్ వార్డులో నర్సుని. హెర్నియా ఆపరేషన్ అయినాయన మొదటిసారి మంచం దిగుతూ కళ్ళు తిరిగి వాలిపోయాడు. చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. బరువైన మనిషి. మంచం వైపు తిప్పబోయాను. ఒళ్ళు తిరిగింది, పాదం మాత్రం నేలకు అతుక్కున్నట్టు తిరగలేదు. మోకాల్లో పటుక్కుమంది. పక్క మంచం మీద పడుకున్న ముసలాయన ఆ చప్పుడు తనకీ వినిపించిందని తర్వాత చెప్పాడు. రోగిని మంచం మీదికి చేర్చాను, ఆ తర్వాత నేను కింద కూలబడ్డాను. గంటలో మోకాలు బొప్పాయిపండంత అయింది.

మా ఆసుపత్రి ఎముకల సర్జన్ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, పిక్కను ముందుకు లాగి చూశారు. మేజా సొరుగు బయటికి వచ్చినట్టు వచ్చింది. ముందువైపు లిగమెంటు పూర్తిగా తెగిందన్నారు. ఆ మాట నాతో అనలేదు, నా మీదుగా నా భర్త సాల్మన్‌తో అన్నారు. అప్పటికి కొద్ది నెలల క్రితమే ఆసుపత్రికి కొత్త స్కోపు వచ్చింది. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, చిప్ప కింద నుంచి ఒక నరంలాంటి పట్టీ తీసి, ఎముకకు సొరంగం వేసి బిగిస్తారు. కొత్త కెమెరా కొన్నవాడు ఇంటికి వచ్చినవాళ్ళందరినీ గోడ దగ్గర నిలబెట్టినట్టు ఆయన నా మోకాలిని చూశారు. చేయించకపోతే నలభై ఏళ్ళకే చేతికర్ర అన్నారు. వచ్చే వారమే పెట్టేద్దామన్నారు. సాల్మన్ తలూపాడు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని చేసే మనిషి. ఎవరు ఏ లైను అడిగితే దానికి కలపడం అలవాటు.

ఆపరేషన్ చెడ్డదని నేననను. అది చేయించుకుని మళ్ళీ బంతి వెంట పరుగెత్తిన కుర్రాళ్ళకు నేనే డ్రెస్సింగులు మార్చాను. నన్ను గుచ్చింది వేరే. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఆ కాలితో నడవాల్సింది నేనొక్కదాన్నే. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అడిగింది ఫిజియోథెరపీ గదిలో భారతి. కాలు చూసి, కాగితం చదివి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈ మోకాలితో మీకు ఏమేం పనులున్నాయి సిస్టర్?"

పదేళ్ళ నౌకరీలో నేనే ఎవరినీ అలా అడిగి ఉండను. ఒక్కొక్కటే చెప్పాను. వార్డులో తిరగాలి. బస్సెక్కాలి, దిగాలి. చర్చిలో నేల మీద కూర్చోవాలి. రోగిని పక్కకు తిప్పాలి. ఆటలు లేవు, పరుగు లేదు. ఆమె అన్నీ విని నిదానంగా వివరించింది. తెగిన ఆ లిగమెంటు దానంతటది అతుక్కోదు, ఎవరు అతుక్కుంటుందన్నా నమ్మొద్దంది. కానీ తొడ ముందు కండ, వెనక కండ గట్టిపడితే అవి ఆ పని చాలామటుకు తమ మీద వేసుకుంటాయంది. కొందరికి అది సరిపోతుంది, కొందరికి సరిపోదు, ఎవరికి సరిపోతుందో చేసి చూస్తే గాని తెలియదు. మోకాలు మాటిమాటికీ జారిపోతుంటే మాత్రం ఆగకూడదు, అప్పుడు ఆపరేషనే, ఎందుకంటే జారిన ప్రతిసారీ లోపల ఎముకల మధ్య ఉండే మెత్త నలుగుతుంది. వాపు తగ్గి బాగున్నట్టు అనిపించే రోజులే భయపడాల్సిన రోజులు, మనిషి మరిచిపోతాడు అని కూడా అంది.

ఇంట్లో సభ జరిగింది. అత్తగారు పుత్తూరు కట్టు కట్టిద్దామంది. నంద్యాలలో వాళ్ళ అన్నగారి చెయ్యి విరిగితే దానితోనే కుదిరిందట. అది ఎముకకు అత్తమ్మా, నాది ఎముక విరగలేదు అంటే, కట్టుకు ఎముకేంది నరమేందని కసిరింది. సాల్మన్ సర్జన్ మాటే మంచిదేమో అన్నాడు, కాసేపటికి అమ్మ మాట కూడా చూద్దామన్నాడు. నేను ఆ సభలో నా నిర్ణయం చెప్పాను. క్రిస్మస్ దాకా వ్యాయామం. అప్పటికీ మోకాలు నిలవకపోతే ఆపరేషన్. సర్జన్‌కీ అదే చెప్పాను. ఆయన భుజాలెగరేశారు. నా జీవితంలో నా శరీరం గురించి నేను సొంతంగా తీసుకున్న నిర్ణయాలు వెతికితే అదే మొదటిది కావచ్చు.

అలా పుట్టింది ఇసుక మూట. సాల్మన్ పాత ప్యాంటు కాలు కోసి, ఇసుక నింపి, రెండు వైపులా కుట్టి నాడాలు పెట్టాను. చీలమండకు కట్టుకుని కాలు చాపి పైకెత్తడం. తర్వాత గోడకు ఆనుకుని కొద్దిగా దిగి లేవడం. చివరగా వంటింట్లో ఒక మూల దిండు మీద ఆ ఒక్క కాలితో నిలబడటం. అత్తగారు దాన్ని కొంగజపం అనేది. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళని వంటింటి గుమ్మం దాకా తీసుకొచ్చి చూపించేది కూడా.

కండ పెరగడం కంటే కష్టమైంది మరొకటి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పలేదు. కాలు ఒకసారి జారిపోయాక మనసు దాన్ని నమ్మదు. మెట్టు దిగబోయే ముందు లోపల ఎవరో చెయ్యి అడ్డం పెడతారు. చిన్నప్పటి నుంచి నేను అడుగు వేస్తున్నానని అనుకున్నాను. నిజానికి నేల ఉందని, కాలు ఉందని తలచకుండానే నడిచాను. ఆ తలచకపోవడమే ఆరోగ్యమని అప్పుడు తెలిసింది. దిండు మీద ఊగుతూ నిలబడ్డ ఆ నిమిషాల్లో నేను నా కాలితో రాజీ మాట్లాడుకునేదాన్ని. నువ్వు నిలబడు, నేను చూడను అని. ఒకరోజు అది నిలబడింది, నేను చూడలేదు.

ఆ వారంలోనే కూటమి స్త్రీలు వచ్చారు. ఉపవాసమున్నారు, పాటలు పాడారు, నా మోకాలి మీద నూనె రాసి చేతులుంచారు. ఇది దాచాల్సిన విషయం కాదు. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఇంతమంది ఆడవాళ్ళ అరచేతుల వేడి ఒకేసారి మోకాలికి తగిలితే నాకు ఏడుపొచ్చింది. ఆ ప్రార్థన నాకు బలమిచ్చింది. భారతి చెప్పిన వేళకే వాపు దిగింది, కుంటు పోయింది. రెండూ ఒకే వారంలో పడ్డాయి. మా అత్తగారు ఒకదాన్ని ఉంచుకుని ఇంకొకదాన్ని కుండీలో పోసింది.

సాక్ష్యం ఇంటితో, కూరగాయల బండితో ఆగి ఉంటే కొత్త మూట కుట్టుకుని ఊరుకునేదాన్ని. కానీ మా ఆసుపత్రి మేట్రన్ గ్రేస్ సిస్టర్‌ది కూడా మా చర్చే.

లిగమెంటు తెగినప్పటి నుంచి నన్ను ప్యాకింగ్ గదిలో వేశారు. కట్టుగుడ్డలు కత్తిరించి, మడతలు పెట్టి, డబ్బాల్లో సర్ది స్టెరిలైజ్ చేయడానికి పంపే పని. క్రిస్మస్ దాకా అక్కడే ఉంచుతామన్నది గ్రేస్ సిస్టరే. ఆ మంగళవారం డ్యూటీ బోర్డు మీద నా పేరు మళ్ళీ సర్జికల్ వార్డులో ఉంది. ఆమె గదికి వెళ్ళి, పొరపాటేమో చూడమన్నాను.

"పొరపాటు కాదమ్మా. ఆదివారం నేనక్కడే కూర్చుని విన్నాను. చర్చిలో బాగైన మోకాలు వార్డులో ఎట్లా బాగుండదు?"

అది మా అత్తమ్మ అభిప్రాయమని, లిగమెంటు ఇంకా తెగే ఉందని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. వార్డులో మనుషులు చాలట్లేదు, ఆమె కష్టం నాకూ తెలుసు. కానీ ఆ తర్వాత అన్న మాట మాత్రం మింగుడుపడలేదు. నేను బాగాలేదని రాసిస్తే సంఘం ముందు మా అత్త అబద్ధం చెప్పినట్టవుతుందట. బాగైందంటే వార్డు చేయాలట. ఆదివారానికి ఒక కాలు, సోమవారానికి ఒక కాలు పెట్టుకోవడం కుదరదట. ఏదో ఒకటి సంఘంలోనే తేల్చుకుని రమ్మంది.

తేల్చుకోవాల్సింది నేనట. చెప్పింది నేను కాదు, నూనె రాసింది నేను కాదు, వార్డు నుంచి మనుషుల్ని తగ్గించింది నేను కాదు. అందరి మాటలకీ నా మోకాలే జామీను.

రాత్రి భోజనాల దగ్గర సాల్మన్‌తో చెప్పాను. ఆదివారం చర్చిలో నిజం చెబుతానన్నాను. అతను అన్నం కలుపుతూనే, రెండూ నిజమే అనుకోరాదా అన్నాడు. ప్రార్థనతో బాగైంది, వ్యాయామంతో ఇంకా బాగవుతుంది, అమ్మ బాధపడదు, నీ పనీ జరుగుతుంది.

"నా పని ఎట్లా జరుగుతుంది? రేపు వార్డులో మనిషిని ఎత్తాల్సింది మీరనుకునే మోకాలితో కాదండీ, నాకున్న మోకాలితో."

అతను పెరుగు వడ్డించుకున్నాడు. ఆ క్షణంలో నాకు అత్తగారి మీద కంటే అతని మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆమె నా గురించి తప్పు చెప్పింది గాని నిలబడి చెప్పింది.

గురువారం అది జరిగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన రోగిని స్ట్రెచర్ మీది నుంచి మంచానికి మారుస్తున్నాం. నలుగురు పట్టుకోవాల్సింది ఇద్దరం పట్టుకున్నాం. నా కాలు కొద్దిగా తిరిగింది. మోకాలి లోపల ఒక మెట్టు తప్పింది, వెంటనే మళ్ళీ ఎక్కింది. తొడ బిగుసుకుని ఆపింది, పడలేదు. రోగికి ఏమీ కాలేదు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను, ఒళ్ళంతా చెమట. నొప్పి కంటే అవమానం ఎక్కువ అనిపించింది. ఇన్ని వారాలుగా కూర్చిన నమ్మకం ఎవరో జేబులోంచి తీసి ఖర్చుపెట్టేసినట్టు ఉంది.

సాయంత్రానికి కొంచెం నీరు పట్టింది. భారతి మోకాలి చుట్టూ నొక్కి చూసింది. మెత్త తెగినట్టు లేదంది. మొన్నటి దాకా నేను పెంచిన కండే ఇవాళ కాపాడిందంది. ఇలాంటిది ఇంకొకటి పడితే ఇక ఎంచుకునేదేమీ మిగలదని, ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందేనని కూడా అంది. తిరగడం, ఎత్తడం ఇప్పుడే వద్దని, పూర్తిగా ముడిచి మోకరించడం, మెలితిరిగి లేవడం కూడా వద్దని మేట్రన్‌కి రాసిస్తానంది. రాసినా ఆమె చర్చి సంగతే అడుగుతుందని చెప్పాను. ఆ వ్యవహారానికి తన దగ్గర వ్యాయామం లేదని భారతి నిట్టూర్చింది.

బయటికి వస్తుంటే వరండాలో సర్జన్ ఎదురయ్యారు. వార్త ఆయన దాకా కూడా వెళ్ళింది.

"ఏం సిస్టర్, మీ దేవుడు స్కోపు లేకుండానే చేసేశాడంట కదా? మాకూ కొంచెం నేర్పమనండి."

వెంట ఉన్న జూనియర్లు నవ్వారు. అప్పుడు నాలో లేచిన కోపం నన్నే ఆశ్చర్యపరిచింది. అది మా అత్తగారి పక్షాన లేచింది. రోజంతా తినకుండా నా మంచం పక్కన చాప మీద కూర్చున్న మనిషిని ఈయన తన జూనియర్లకు నవ్వులాటగా పంచిపెడుతున్నాడు. ఆమె నన్ను అడగలేదు నిజమే. ఈయన మాత్రం అడిగాడా? ఆమె మోకాలి మీద దేవుడి పేరు రాసింది. ఈయన తన స్కోపు పేరు రాయాలనుకున్నాడు. మా అత్తమ్మ నా పేరు పెట్టి ప్రార్థన చేసింది సార్, మీకు నా పేరు తెలుసా అని అడిగాను. ఆయన నా ఛాతీ మీది పేరుబిళ్ళ వైపు చూశారు. ఆ రోజు అది పెట్టుకోలేదు. ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం వచ్చింది. మా చర్చికి సొంత భవనం లేదు. ఒక ప్రైవేటు స్కూలు హాల్లో ఉదయం తమిళంవాళ్ళు, మధ్యాహ్నం మేము. నేలంతా చాపలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. వెనక గోడకు ముసలివాళ్ళ కోసం కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. స్వస్థత పొందిన వాళ్ళ గురించి ఇంటివాళ్ళు ముందుగా చెప్పవచ్చు గాని, ఆ మనిషే ఒక ఆదివారం ముందుకు వచ్చి, తన నోటితో సాక్ష్యమిచ్చి, అందరి ముందు మోకరించి పాస్టరు గారి చేత కృతజ్ఞతా ప్రార్థన చేయించుకోవాలన్నది మా సంఘం పద్ధతి. వారమంతా ఈ పద్ధతిని తిట్టుకున్నాను. హాల్లో అడుగు పెట్టాక తట్టింది, ఇన్నాళ్ళలో భారతి తర్వాత నన్ను నోరు తెరవమని అడుగుతున్నది ఇదొక్కటే.

అత్తగారు తన మంచి తెల్లచీర కట్టుకుంది. నా మెడలో పూసలదండ సరిచేసింది. ఆ వేళ్ళు తగిలినప్పుడు నా గట్టిదనం కాస్త సడలింది. ఆమెకు ముందే చెప్పాను, శుక్రవారం చెప్పాను, శనివారం చెప్పాను. దేవుడి సన్నిధిలో నిలబడితే నీ నోటికి సరైన మాట ఆయనే ఇస్తాడులే అని ఆమె ప్రతిసారీ నిశ్చింతగా ఉంది.

పాటలయ్యాక జోసెఫ్ గారు నా పేరు పిలిచారు. ముందుకు నడిచాను. మైకు ముందు నిలబడ్డాను. ఎదురుగా ముసుగులేసుకున్న తలలు, ఎత్తిన మొహాలు. మోకాలు వణకడం మొదలుపెట్టింది. అది బలహీనతో, కోపమో నాకే తెలియలేదు. నర్సుగా నాకు ఒకటి తెలుసు, వణికే మనిషిని ముందు కూర్చోబెట్టాలి. మగవాళ్ళ వరసల వైపు చూశాను.

"ఏవండీ, వెనక నుంచి ఒక కుర్చీ తెచ్చివ్వండి."

మైకులోనే అన్నాను. హాలంతా సాల్మన్ వైపు తిరిగింది. అతను ఒక క్షణం చాప మీదే ఉండిపోయాడు. తర్వాత లేచి, వెనక్కి వెళ్ళి, నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి రెండు చేతుల్తో ఎత్తుకుని మధ్య దారిలోంచి తెచ్చాడు. మా పెళ్ళిలో కూడా అతను ఇంతమంది చూస్తుండగా ఒక్కడే నడవలేదు. కుర్చీ నా వెనక వేసి, కదలకుండా ఒకసారి నొక్కి చూసి, వెళ్ళి కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. మైకు కిందికి దించుకున్నాను.

"మా అత్తమ్మ నా కోసం ప్రార్థన చేసింది నిజం. మీరందరూ ఉపవాసమున్నది నిజం. నాకు ధైర్యం వచ్చింది నిజం. నా మోకాలు బాగైపోయిందన్నది నిజం కాదు."

"స్తోత్రం," అన్నారు వెనక నుంచి ఎవరో, అలవాటుగా. ఆ మాట ఒంటరిగా హాలంతా తిరిగి ఆగిపోయింది.

తర్వాత తొందరపడకుండా చెప్పాను. లోపల తెగింది తెగినట్టే ఉందని. తొడలో కండ పెంచుకుని దాంతో నిలబడుతున్నానని. అది రోజూ చేసుకోవాల్సిన పని అని. కోతకి భయపడి కాదు, కోత లేకుండా నిలబడగలనేమో చూడటానికి గడువు పెట్టుకున్నానని, చాలకపోతే కోతే చేయించుకుంటానని, అప్పుడు కూడా ఇదే ప్రార్థన కావాలని. బాగైందని మీరు చెప్పుకున్న వారం లోపలే నేను వార్డులో పడబోయానని. గ్రేస్ సిస్టర్ వైపు చూడకుండానే ఆ మాట అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది.

"కాబట్టి బాగైందని మీరు చెప్పకండి. బాగైన రోజు నేనే వచ్చి చెబుతాను. అంతవరకు ఈ మోకాలి గురించి ఎవరైనా అడిగితే, స్టెల్లాని అడగమనండి."

జోసెఫ్ గారు బైబిలు మూసి చేతిలో అటూ ఇటూ తిప్పారు. ఆయన మొహంలో నొచ్చుకున్న ఛాయ కనిపించింది. ఆయనకీ ఇది కొత్త. కాసేపటికి, అయితే బాగుపడాలని ప్రార్థిద్దామన్నారు. మోకరించమన్నారు. చాపలు చప్పుడు చేశాయి. అందరూ మోకాళ్ళ మీదికి దిగారు. నేను కుర్చీలోనే ఉండిపోయాను. నా కంటే పెద్దవాళ్ళు, కాళ్ళనొప్పుల వాళ్ళు కూడా నా ముందు మోకరించి ఉన్నారు. సిగ్గుపడాల్సిన దృశ్యం. నేను పడలేదు. ఇన్ని వంగిన తలల మధ్య ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నా ఏమీ కూలిపోలేదని, పైకప్పు పైకప్పులాగే ఉందని చూస్తూ కూర్చున్నాను. కళ్ళు తెరిచి ఉన్న ఇంకో మనిషి గ్రేస్ సిస్టర్. ఆమె కుర్చీ కాళ్ళ వైపు చూస్తోంది. అత్తగారు వీపు నా వైపు తిప్పుకుని మోకరించింది.

బయట చెప్పుల దగ్గర గ్రేస్ సిస్టర్ నా పక్కన నిలబడింది. రేపటి నుంచి ప్యాకింగ్ గదికే రమ్మంది. క్షమించమని అనలేదు. ఇదే మాట ముందే ఇంట్లో చెప్పుకుని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదా అని మందలించింది. చెప్పాను సిస్టర్, మీకూ చెప్పాను అన్నాను. ఆమె తన చెప్పు వెతుక్కుంది.

ఆటోలో అత్తగారు మూలకి జరిగి కూర్చుంది. ఇంటికి వచ్చాక చీర మార్చుకోకుండానే కుర్చీలో కూలబడి, "అందరి ముందర నన్ను అబద్ధాలకోరుని చేసినావు," అంది. నా గురించి చెప్పే ముందు నన్ను ఒక్కమాట అడిగి ఉంటే ఇది జరిగేదే కాదన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చలేదు. ఓదార్చాలనిపించింది, కానీ ఆ ఓదార్పు వెంటే మళ్ళీ అన్నీ సర్దుకుపోతాయని నాకు తెలుసు. సాల్మన్ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు. ఈసారి అతను రెండూ నిజమే అనలేదు.

నేను వరండాలోకి వెళ్ళి క్రోటన్ కుండీ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైమట్టి మీద ఇసుక పొరలాగా ఉంది. చెమ్చాతో తీసి ఒక పళ్ళెంలో పోయడం మొదలుపెట్టాను. మధ్యమధ్య వేర్లు, ఎండు ఆకులు. కోపం ఇంకా ఉంది. పోవాలని కూడా నాకు లేదు. ఇన్నాళ్ళూ అందరూ నా మోకాలిని ఎత్తుకుని తిరిగారు, నేను కోపంతోనే దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

వెనక గుమ్మంలో చప్పుడైంది. అత్తగారు తలుపుకు ఆనుకుని చూస్తోంది.

"తడి ఇసుక బరువుంటాది. అట్లే కట్టుకుంటే కాలు లాగేస్తాది. పేపర్ మీద పరిచి ఎండనీ," అంది. లోపలికి వెళ్ళి పాత పేపరు తెచ్చి నా పక్కన పడేసి, మళ్ళీ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఇసుక పరిచాను. తర్వాత నా దిండు తీసుకుని, వంటింట్లోకి వెళ్ళకుండా, వీధి తలుపు తెరిచి ఉన్న ముందు గదిలోనే నేల మీద వేశాను. దాని మీద కుడికాలితో ఎక్కి నిలబడ్డాను. సందులో బండి తోసుకుంటూ పోతున్న అక్కయమ్మ ఆగి, నోరు తెరిచి చూసింది. కాలు కాస్త ఊగింది. నేను నిలబడే ఉన్నాను.